వస్తా అని చెప్పి

నా చదువంతా లైబ్రరీ చదువే. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు అకౌంటింగ్ డిప్లొమా కోసమని వచ్చాను. అది సగంలో ఆగిపోయింది. హోటల్లో గదులు సర్దాను, వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేశాను, చివరికి జాబ్ కోచ్‌నయ్యాను. ఉద్యోగంలో కుదురుకోవడానికి కొంత తోడు కావలసినవాళ్ళ పక్కన నిలబడి, పని అలవాటయ్యేదాకా సాయం చేయడం నా పని. నేను చూసేవాళ్ళలో ఎక్కువమంది ఆటిజం ఉన్నవాళ్ళు. ఆటిజం గురించి నాకెవరూ పాఠం చెప్పలేదు. మా ఇంటి దగ్గరి లైబ్రరీలో ఆ అరలో ఉన్న పుస్తకాలన్నీ ఒక్కొక్కటే తెచ్చుకుని, తెలియని మాటలకు డిక్షనరీ చూసుకుంటూ చదివాను. అవి అయిపోయాక వేరే లైబ్రరీల నుంచి తెప్పించమని అడిగాను. కౌంటర్లో ఉండే పెద్దావిడ "ఇంకెవరికైనా మిగులుస్తావా లేదా?" అనేది. ఆ మాట తలుచుకుని ఇంటికొచ్చేదాకా నవ్వుకునేదాన్ని.

ఒక చిన్న కంపెనీ నన్ను పనికి పిలిచినప్పుడు అదంతా ఆ పుస్తకాల పుణ్యమే అనుకున్నాను. వాళ్ళు ఒంటిమీద పెట్టుకునే పరికరం ఒకటి తయారు చేస్తున్నారు. టోపీ అంచుకు తగిలించే చిన్న కెమెరా, చెవి ముందు ఎముకకు ఆనుకుని ఉండే ఒక పట్టీ, చేతికి విరామ వేళలు గుర్తుచేసే గడియారం. పనిచేసే మనిషి చూస్తున్నది ఎక్కడో ఆఫీసులో కూర్చున్న కోచ్‌కు తెరమీద కనబడుతుంది. కోచ్ మాట ఎముక గుండా ఆ మనిషికొక్కరికే వినబడుతుంది. మన పక్కన ఒక మనిషి అస్తమానం నిలబడి ఉంటే తోటివాళ్ళు ఎలా చూస్తారో ఊహించండి. ఆ చిన్నతనం లేకుండా చేయడమే దీని ఉద్దేశం. ఉద్దేశం మంచిదని ఇప్పటికీ అంటాను.

పరీక్షకు ఒప్పుకున్న మొదటి మనిషి పియారా వాటర్స్ అనే పేటలో ఉండే ఒక డాక్టరమ్మగారి కొడుకు. ముప్పైకి దగ్గర పడుతున్నాడు. కానింగ్ వేల్ ఫ్యాక్టరీల వైపు ఉన్న ఒక పెద్ద లాండ్రీలో చేరాడు. హోటళ్ళ తువ్వాళ్ళు ఆరి బెల్టు మీద వస్తాయి. సైజుల వారీగా విడదీసి, మడిచి, ఏ హోటల్‌వి ఆ హోటల్ ట్రాలీలో పేర్చాలి. అంతకుముందు చేరిన రెండు చోట్లా అతన్ని నిలవనివ్వలేదు. ఇక్కడ గనక ప్రొబేషన్ గట్టెక్కితే పర్మనెంటు. అతనికి ఆ పని ఎంత ఇష్టమంటే, ఇంట్లో తువ్వాళ్ళు కూడా హోటల్ కొలతకు మడిచి పెట్టేవాడట.

మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏం చదివావు అమ్మాయ్? సైకాలజీయా, ఆక్యుపేషనల్ థెరపీయా?"

"లైబ్రరీలో చదివిన ఆంటీ."

"లైబ్రరీలోనా? లైబ్రరీ సైన్సా?"

"కాదాంటీ. లైబ్రరీల కూసుని చదివిన."

ఆవిడ నవ్వాపుకోలేదు. "సర్లే. మా కృష్ణా జిల్లా తెలుగే వాడికి సగం అర్థమవుతుంది. నీ యాస వింటే ఏమంటాడో."

కొడుకు సోఫా చివర కూర్చుని గడియారం పట్టీ సరిచేసుకుంటున్నాడు. తలెత్తకుండానే అన్నాడు: "షి సెడ్ ‘కూసుని’. మీన్స్ సిట్టింగ్. ఇట్స్ ఈజీ, అమ్మా."

చెవిలో తెలుగు మాట్లాడదామన్న ఆలోచన నాకు అప్పుడే వచ్చింది. లాండ్రీలో యంత్రాల హోరు, దాని మీద నాలుగు వైపుల నుంచీ ఇంగ్లీషు కేకలు. వాటిలో తనకు చెప్పేదేదో, పక్కవాడికి చెప్పేదేదో తేల్చుకోలేక అతను నిలబడిపోయేవాడు. తెలుగైతే ఆ నేల మీద తనొక్కడికే. మొదటి రోజు చెవిలో "పెద్ద తువ్వాలు, ఎడమ ట్రాలీ" అనగానే చేతులు ఎంత నిబ్బరంగా కదిలాయో తెర మీద చూశాను. కంపెనీ ఇంజినీరు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు.

ఆ ఇంజినీరుకు నియమాలు కూడా నేనే నేర్పాను. ఆటిజం ఉన్నవాళ్ళలో చాలామంది మాటను మాటగానే తీసుకుంటారని చదివాను కదా. ఒకసారి అతను మైకులో "ఒక్క సెకను ఆగు" అని కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాను.

"నీ సెకను అయిపోయి చాలాసేపైంది. అతను ఇంకా చెయ్యి గాల్లో పెట్టుకుని ఉన్నాడు, చూడు."

"నిజమే, సారీ."

"చెవిలో ఉన్న గొంతుకు అలంకారాలు ఉండకూడదు. ఏది చెయ్యాలో అదే చెప్పాలి. చెప్పింది జరగాలి."

అతను ఆ మాటను పెద్దక్షరాలతో ప్రింటు తీసి గోడకు అంటించాడు. దాని కిందే కూర్చుని పనిచేసేదాన్ని.

నెలలు గడిచాయి. డాక్టరమ్మ కొడుక్కి పని వచ్చేసింది. ఇది రాయడం కష్టంగా ఉంది గాని రాయాలి: అతనికి నా గొంతు అక్కర్లేదని నాకు అర్థమైన తర్వాత కూడా నేను మాట్లాడుతూనే ఉన్నాను. తువ్వాలు అతని చేతిలో సరైన ట్రాలీ వైపు కదులుతున్నప్పుడే "ఎడమ ట్రాలీ" అనేదాన్ని. పని జరిగేది, తెర పక్కన సరిగా అయిన పనిని లెక్కపెట్టే పచ్చ గీత పెరిగేది, ఇంజినీరు సంతోషపడేవాడు, నేనూ సంతోషపడేదాన్ని. మొదటి వారం తర్వాత నేనొక్కసారి కూడా లాండ్రీకి వెళ్ళలేదు. కారులో వెళ్తే ఎంతో దూరం కాదు. కాని వెళ్ళనవసరం లేకపోవడమే కదా మా పరికరం గొప్ప. ఎవరైనా చూడటానికి వస్తే అదే చెప్పేదాన్ని: "ఇదిగో, నేనిక్కడ, ఆయనక్కడ."

చివరికి లాండ్రీ సూపర్‌వైజరే ఆ సంగతి ఎత్తింది. న్యూజిలాండ్ నుంచి వచ్చి స్థిరపడిన గట్టి మనిషి, అందరినీ "లవ్" అని పిలుస్తుంది.

"చూడు లవ్, నాకు మనిషి కావాలి, రేడియో పెట్టుకున్న మనిషి కాదు. ఒక మధ్యాహ్నం మొత్తం నీ గొంతు లేకుండా నడిపించమను. నడిస్తే పర్మనెంటు కాగితాలు నేనే పైకి పంపుతాను. నడవకపోతే మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండదు."

ఆ సంగతి అతనికి ముందే చెప్పాం. వాళ్ళమ్మ చెప్పింది, నేనూ చెప్పాను. తలూపాడు.

ఆ రోజు ఎండ మండిపోతోంది. భోజన విరామం అయ్యాక అతను బెల్టు దగ్గరికి వచ్చి మొదటి ట్రాలీ నింపేదాకా చూశాను. ఒక్క తప్పు లేదు. మైకులో అన్నాను: "మంచిగ చేస్తున్నవ్. ఇంక నేనొస్తా."

లైను కట్ చేశాను. కెమెరా కూడా ఆపేశాను, ఎవరూ చూడకూడదన్నది పరీక్షలో భాగం కాబట్టి. తర్వాత ఏం చేయాలో తోచలేదు. ఆఫీసులో కూర్చుంటే మళ్ళీ లైను కలుపుతానేమోనని నా మీద నాకే అనుమానం వచ్చి లైబ్రరీకి వెళ్ళాను. ఏసీలో నాకిష్టమైన కిటికీ పక్క కుర్చీ దొరికింది. లైబ్రరీ మర్యాద తెలిసినదాన్ని కదా, ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచీలో వేసుకున్నాను. హాయిగా చదువుకున్నాను.

బయటికొచ్చి ఫోన్ చూస్తే తెర నిండా సూపర్‌వైజర్ పేరే. చివర్లో డాక్టరమ్మ పేరు.

నేను లైను కట్ చేయగానే అతను చేతిలో తువ్వాలు మడవడం పూర్తిచేశాడట. గోడకున్న కొక్కెం నుంచి సందర్శకులు వేసుకునే పసుపు కోటు తీసుకుని, నేల మీది గీత వెంట నడుచుకుంటూ గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడట. బెల్టు మీద తువ్వాళ్ళు కుప్పపడి కింద పడటం మొదలయ్యాక గాని ఎవరికీ తెలియలేదు. సూపర్‌వైజర్ వెతుక్కుంటూ వెళ్తే "విజిటర్ కమింగ్" అన్నాడట. ఎవరూ రావట్లేదు, లోపలికి రా అంటే కదల్లేదు. ఆ లాండ్రీలో చేరిన రోజే అందరికీ ఒక నియమం చెబుతారు: బయటి మనిషి వస్తే గేటు దగ్గర ఒంటరిగా ఉంచకూడదు, ఎదురెళ్ళి కోటు ఇచ్చి లోపలికి తీసుకురావాలి. సరుకు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ బళ్ళు తిరిగే చోటు మరి. ఆ గేటుకు పడమటి ఎండ సూటిగా కొడుతుంది. ఆవిడ నీళ్ళు తెచ్చి ఇస్తే తాగాడు, నీడకు రమ్మంటే రాలేదు. ఆవిడ బతిమాలింది, తర్వాత కోప్పడింది, తర్వాత నాకు ఫోన్ మీద ఫోన్ చేసింది. చివరికి వాళ్ళమ్మ ఆసుపత్రి నుంచి వచ్చి తీసుకెళ్ళింది.

నేను పియారా వాటర్స్ చేరేసరికి అతను వంటింటి బల్ల దగ్గర మెడ మీద తడిబట్టతో కూర్చుని ఉన్నాడు. మెడ, చెవులు కమిలిపోయి ఎర్రగా ఉన్నాయి. వాళ్ళమ్మ మెడలో ఆసుపత్రి కార్డు ఇంకా వేలాడుతోంది.

"ఎక్కడున్నావు అమ్మాయ్?" అంది.

"లైబ్రరీల ఆంటీ. ఫోను సైలెంట్‌ల..."

"ఓహో. ఇంకా ఏం మిగిలింది చదవడానికి?"

అతని వైపు తిరిగాను. "గేటు కాడికి ఎందుకు పోయినవ్ నాయనా? ఎవరొస్తరన్నరు?"

అతను నన్ను ఆశ్చర్యంగా చూశాడు. "యూ."

"నేనా?"

"యూ సెడ్ ‘ఇంక నేనొస్తా’. సో ఐ వెయిటెడ్. యూ డిడ్ంట్ కమ్."

కాసేపు నాకు అర్థం కాలేదు. వాళ్ళమ్మకే ముందు అర్థమైంది. నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో రాత. వెళ్ళేటప్పుడు అనే ‘వస్తా’నా?"

మా అమ్మ మమ్మల్ని గడప దాటుతూ "పోతున్నా" అననిచ్చేది కాదు. అంటే వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, "వస్తా అని చెప్పి పో" అనేది. అలా ఆ మాట నాకు మాటగా కాక ఊపిరిలా అలవాటైపోయింది. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఇంగ్లీషులో బై అంటాను. ఎవరితోనైనా తెలుగులో మాట్లాడుతూ ఉంటే మాత్రం చివర నోరు దానంతటదే "వస్తా" అంటుంది. ఇన్ని నెలలూ షిఫ్టు అయ్యాక అతనే చెవి పట్టీ తీసి పెట్టేవాడు, నేను సెలవు చెప్పవలసిన అవసరమే రాలేదు. ఆ రోజే మొదటిసారి అతని చెవిలోంచి నేను వెళ్ళాను.

"మీరు ఇంట్ల అనరా ఆంటీ?"

"మేం బై అంటాం అమ్మాయ్. ఎప్పుడో మానేశాం అవన్నీ."

"చుట్టాలొస్తే? పొయ్యేటప్పుడు వాళ్ళంటరు కద?"

"చుట్టాలొస్తే వీడు గదిలోంచి బయటికే రాడు. తెలీదా నీకు?"

తెలుసు. నేనే రాసుకున్నాను, ఇంటికి ఎవరైనా వస్తే గదిలోకి వెళ్తాడని. కాని ఆ గది తలుపు వెనక ఉండిపోవడం వల్ల అతను వినకుండా పోయిన మాటలేమిటని ఒక్కసారి కూడా అనుకోలేదు.

మర్నాడు ఇంజినీరుకు చెప్పాను. "అద్భుతం, ఇది చాలా మంచి డేటా" అన్నాడు. పాపం, అతని ఉద్దేశం చెడ్డది కాదు. నేనైతే ఆ గది నుంచి లేచి బయటికి వచ్చేశాను.

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"ఆగు లవ్. మీ భాషలో వెళ్ళేటప్పుడు వస్తానంటారా?"

"అవును."

"మరి వచ్చేటప్పుడు?"

"అప్పుడూ వస్తాననే."

పెద్దగా నవ్వింది. "ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో మీకెలా తెలుస్తుంది మరి?" తర్వాత నవ్వాపేసింది. "సరే, తప్పు అతనిది కాదని రాసుకుంటాను. ఇంకో మధ్యాహ్నం ఇస్తాను. కాని మళ్ళీ బెల్టు వదిలి వెళ్తే నేను కాపాడలేను. అర్థమైందా?"

అర్థమైందనే అన్నాను. పరికరం పెట్టుకుంటాడా అని వాళ్ళమ్మతో అడిగించి, లైను కలిపి, చెవిలో చక్కగా వివరించాను. మన తెలుగులో అలా అంటామనీ, వెళ్ళడాన్నే అలా చెబుతామనీ, నాదే పొరపాటనీ. పుస్తకాల్లో చెప్పినట్టే చిన్న చిన్న వాక్యాల్లో, ఒకదాని తర్వాత ఒకటి. "అర్థమయిందా?" అంటే "ఓకే" అన్నాడు. మర్నాడు అదే వేళకు మళ్ళీ పసుపు కోటు తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు. ఈసారి కాసేపు నిలబడి, తనే తిరిగి వచ్చేశాడు. ఆ తర్వాతి రోజూ అంతే. చిన్న చిన్న బొమ్మలు గీసి పంపాను. ఒక బొమ్మలో మనిషి వెళ్తున్నట్టు, నోట్లోంచి "వస్తా" అన్నట్టు. చూసి "ఓకే" అన్నాడు. మళ్ళీ వెళ్ళాడు.

సూపర్‌వైజర్ ఫోన్‌లో గొంతు తగ్గించి చెప్పింది. "ఇప్పటిదాకా నేను అటు చూడనట్టు నటిస్తున్నాను. అసలు పరీక్ష ఈ వారంలో పెట్టాలి. ఆ రోజు మేనేజరు కూడా ఉంటాడు."

ఆ సాయంత్రం డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఇంకో పుస్తకంలో ఇంకో పద్ధతి ఉందని మొదలుపెట్టాను. ఆవిడ మధ్యలోనే ఆపేసింది.

"వాడు నన్ను రోజూ ఒక్కటే అడుగుతున్నాడు. నీకు చెప్పమంటావా?"

"చెప్పండి ఆంటీ."

"‘వెన్ ఈజ్ షి కమింగ్?’ అని."

"గదే ఆంటీ, నేను రావుడు కాదు, ఆ మాటకు అర్థం..."

"అర్థం వాడికెప్పుడో తెలిసింది అమ్మాయ్. వాడికి తెలివి లేదనుకున్నావా? వస్తానన్నావు, రాలేదు. అది ఇంకా అలాగే ఉంది వాడికి. ఎందుకంత గింజుకుంటావు? వస్తానన్నావుగా, రా."

ఫోన్ పెట్టేశాను. వివరణ మీద వివరణ పంపాను. ఒక్కటీ నన్ను ఆఫీసు కుర్చీలోంచి లేపలేదు. అతను గేటు దగ్గర ఎండలో నిలబడినన్ని రోజులూ నేను చల్లని గదిలో కూర్చుని, అతనికి అర్థం కాలేదని దిగులు పడ్డాను. వెళ్ళాలన్న ఆలోచన రాలేదు. రాలేదా, వచ్చినా పక్కకు నెట్టేశానా? నిజం చెప్పాలంటే రెండోదే. వెళ్తే పరికరం ఓడిపోయినట్టు అనిపించింది నాకు. పక్కన నిలబడే మనిషి అవసరం లేదని ఊరంతా చెప్పుకున్నదాన్ని కదా.

మర్నాడు మధ్యాహ్నం కారు రోడ్డు పక్కన ఆపి గేటు వైపు నడిచాను. అతను అక్కడే ఉన్నాడు, చేతి మీద పసుపు కోటు మడిచి వేసుకుని. హోటల్ తువ్వాలంత చక్కని మడత. నన్ను చూసి నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. కోటు విప్పి అందించాడు.

"ఆంటీ, ప్లీజ్ సైన్ హియర్."

గేటు దగ్గరి సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టాను. కాళ్ళవైపు చూశాడు. "యువర్ షూస్ ఆర్ ఓపెన్. దట్స్ నాట్ అలౌడ్."

సాండల్స్ వేసుకుని వచ్చాను. కాళ్ళు కప్పే బూట్లు వేసుకోవాలన్నది అతని కోసం నేను రాయించిన జాగ్రత్తల్లోనే ఉంది. అతను లోపలికి వెళ్ళి సందర్శకుల బూట్లు తెచ్చాడు. అవి నాకు పెద్దవి. వాటిలో టకటకమంటూ అతని వెనకే గీత దాటకుండా నడిచాను. నెలల తరబడి తెర మీద చూసిన చోటు అది. అక్కడి వేడి, తడి బట్టల వాసన, చెవులు చిల్లులు పడే హోరు ఏ తెరా నాకు గుర్తుచేయలేదు. ఈ హోరులో నేను అక్కర్లేకుండా ఎన్ని మాటలు పోశానో అతని తలలో!

తన బెల్టు చూపించాడు. తన ట్రాలీలు చూపించాడు. చివరి ట్రాలీ ఎందుకు కొంచెం వంకరగా పెట్టాడో చెప్పాడు, ఒక చక్రం పాడైందట. ఆ సంగతి కెమెరాలో నేనెప్పుడూ గమనించలేదు. ఒక తువ్వాలు నాకిచ్చి మడవమన్నాడు. మడిచాను. దాన్ని తీసుకుని, విప్పి, మళ్ళీ తనే మడిచాడు.

"ఆ రోజు రాలేదు నేను. ఎండల నిలబెట్టిన నిన్ను. నాది తప్పు," అన్నాను, హోరులో గట్టిగా.

"యెస్," అన్నాడు. తువ్వాలు ట్రాలీలో పెట్టాడు. "నౌ యూ కేమ్."

సూపర్‌వైజర్ దూరం నుంచి బొటనవేలు ఎత్తి చూపించింది. అతను నన్ను మళ్ళీ గేటు దాకా తీసుకొచ్చి, బూట్లు, కోటు తీసుకుని, బయటికి వెళ్తున్నట్టు సంతకం పెట్టించాడు. వెళ్ళేముందు నోటి దాకా ఆ మాటే వచ్చింది. పెదవులు బిగించి పట్టుకున్నాను. దాని బదులు ఏమనాలో నాకు తోచలేదు. "పోతున్నా" అనడానికి, అమ్మ పోయి ఇన్నేళ్ళయినా, నోరు రాలేదు. అతను ఎదురు చూస్తున్నాడు. తల ఊపి, చెయ్యి ఊపి, తిరిగి నడిచాను. మలుపు దగ్గర వెనక్కి చూస్తే గేటు దగ్గర ఎవరూ లేరు. పనిలోకి వెళ్ళిపోయాడు.

అసలు పరీక్ష రోజున అతను బెల్టు దగ్గరే ఉన్నాడు. కాగితాలు పైకి వెళ్ళాయి, పర్మనెంటు అయింది. ఆ కబురు చెప్పడానికి డాక్టరమ్మ ఫోన్ చేసినప్పుడు చివర్లో ఒక మాట కలిపింది: గడియారం ఉంచుకుంటాడట, చెవి పట్టీ వద్దన్నాడట.

"మంచిదే కదాంటీ," అన్నాను. అనడానికి కొంత సమయం పట్టింది. ఆవిడ అది గమనించే ఉంటుంది.